మూడు వేళ్ళు దూరని వల

ఏలూరులో మా బావగారు చెప్పే కథ మీలో కొందరు వినే ఉంటారు. కొల్లేటి లంకలో దొంగవలలు మితిమీరిపోయాయట. గుడ్లతో ఏరెక్కే చేపల్ని అడ్డంగా పట్టేసి కొల్లేటిని గొడ్డు చేస్తున్నారట. అప్పుడు చదువుకున్న తన మరదలు, అంటే నేను, వెళ్ళి ఒక కొలతకర్ర చేయించి ఇచ్చి, చట్టమంటే ఏమిటో ఎరగని ఆ జనానికి బుద్ధి చెప్పి, వాళ్ళ చేతనే దొంగవలలు తగలబెట్టించి వచ్చానట.

ఆయన వకీలు. పనికొచ్చే సాక్ష్యం ఉంచుకుని పనికిరానిది వదిలెయ్యడం ఆయన వృత్తి. నాకు పొగడ్త చేదేమీ కాదు. నలభై నాలుగేళ్ళ ఆడదాన్ని ఏడాదికొకరు మెచ్చుకుంటే అదే గొప్ప. అయినా ఈ కథ తప్పు. వెళ్ళింది నేనే. కొలతకర్ర చేయించిందీ నేనే. వలలు తగలబడ్డదీ నిజమే. ఈ మూడింటినీ కలిపి ఆయన వేసిన ముడి మాత్రం అబద్ధం. చట్టం ఎరగనిది ఎవరో కింద చదివితే మీకే తెలుస్తుంది. లంక పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. నా తప్పు మాత్రం మార్చలేదు.

ఆడవాళ్ళ పెట్టె

పోయిన మృగశిర కార్తెకు ముందు తాడేపల్లిగూడెంలో మా ఇంటికి ఒక కార్డు వచ్చింది. చేతిరాత పోస్టుమానుది, మాట నాంచారమ్మది. "ఓవర్సీరుగారి అమ్మాయిగారికి నాంచారమ్మ దండాలు. నా కొత్త వలలో మూడు వేళ్ళు దూరలేదని పంచాయతీ పెట్టారు. తప్పు వల అని తేలితే తగలబెడతారు. మీరు వచ్చి ఒక మాట చెప్పాల."

మా నాన్నగారు మురుగుకాలవల ఓవర్సీరు. నా ఎనిమిదో ఏటి నుంచి పన్నెండో ఏటి దాకా కొల్లేటి గట్టున పెంకుటి బంగళాలో ఉన్నాం. నాంచారు వాళ్ళమ్మ మా ఇంటికి భోజనాలకు తామరాకులు తెచ్చేది. నాంచారూ నేనూ ఒక ఈడువాళ్ళం. తామరకాయలు ఒలుచుకు తింటూ నీళ్ళలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న ఆ నాలుగేళ్ళూ తీసేస్తే నా చిన్నతనంలో చెప్పుకోదగ్గది ఇంకేమీ లేదు. తరవాత నేను మద్రాసు వెళ్ళి కాలేజీలో చదివి పంతులమ్మనయ్యాను. ఆమె లంకలోనే పెళ్ళాడి వలలు అల్లింది. ముప్ఫై ఏళ్ళలో రెండుసార్లు కలుసుకున్నాం.

"నువ్వు వెళ్ళి ఏం చేస్తావు?" అన్నారు మా వారు.

"వాదిస్తాను" అన్నాను.

"అది ఇక్కడా చేస్తున్నావుగా" అని రైలు చార్జీ ఇచ్చారు.

మూడో తరగతి ఆడవాళ్ళ పెట్టెలో నా పక్కన ఒక ముసలమ్మ ఎండుచేపల గంప పెట్టుకు కూర్చుంది. ఎదురు బెంచీ మీది పట్టుచీరల వాళ్ళు ముక్కులు మూసుకుని కిటికీ వైపు తిరిగారు. నాకు మాత్రం ఆ వాసనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది బంగళా వాసన. పడమటి గాలి తోలితే మా వంటింట్లోకి వచ్చేది. మా అమ్మ సాంబ్రాణి వేసేది, నేను తలుపు తీసి ఉంచేదాన్ని.

"ఎక్కడి చేపలు, అవ్వా?" అన్నాను.

"కొల్లేటియ్యేనమ్మా. పరిగలు. నిరుడు అణాకి దోసెడిచ్చాను, ఈ యేడు గుప్పెడే."

"అంత పిరమయ్యాయేం?"

"పట్టకూడని రోజుల్లో పట్టేత్తన్నారు గదమ్మా. తల్లిని తింటే పిల్లెక్కడిది?" అని, పట్టుచీరల వైపు చూసి గొంతు పెంచింది. "కొనేవోళ్ళకీ కడుపుతో ఉన్నదే కావాలి మరి. సెన రుచి మరిగారు."

సెన అంటే చేప కడుపులో గుడ్లు. పట్టుచీరల్లో ఒకావిడ ముక్కు మీది చెయ్యి తీసి "మాకు చేపల సంగతి తెలియదండీ" అంది. భీమడోలు దాటాక ఆవిడే మెల్లిగా గంపలోకి చూసి ధర అడిగింది.

ఏలూరులో వడ్రంగి

మా అక్క ఇంట్లో ఒక రాత్రి ఉన్నాను. ఏలూరు కాఫీ హోటల్లో కాఫీ గూడెం కాఫీ కంటే చిక్కన, ధర కూడా అంతే చిక్కన. బావగారు కొల్లేటివాళ్ళంతా దొంగలని ఇస్త్రీ మడత నలగకుండా చెప్పారు. "మందు కలిపి చేపలు పడతారు, ఏటి మూతికి తడికలు కడతారు. వాళ్ళకొక కట్టూ బాటూ లేదు" అన్నారు.

"ఉంది. నేను పుట్టకముందు నించీ ఉంది" అన్నాను.

ఉన్న కట్టుబాటు ఇది. తొలకరి వానలకి కొల్లేట్లోకి కొత్తనీరు దిగుతుంది. ఆ ఎర్రనీటి వాసన తగలగానే చేపలు కడుపుతో ఏరెక్కుతాయి. ఆ రోజుల్లో కన్నులో, అంటే దారాల మధ్య సందులో, మూడు వేళ్ళు దూరని వల నీళ్ళలో వెయ్యకూడదు. పెద్దది చిక్కితే చిక్కింది, చిన్న తల్లి దాటిపోవాలి. మరి ఎవరి వేళ్ళు? ఎవరి వల వాళ్ళు కొలుచుకుంటే అందరిదీ మంచి వలే. అందుకని ప్రతి ఇంటి వలనీ పక్కింటి ఇల్లాలు కొలుస్తుంది. ఆవిడ మూడు వేళ్ళూ కలిపి పెట్టి దూరలేదంటే వల తగలబెడతారు. దీపావళి దాకా ఆ ఇంటి దోనె నీళ్ళలో దిగదు.

నాంచారు పక్కిల్లు వీరమ్మది. చిన్నప్పుడే ఇద్దరికీ పడేది కాదు. నా వాదన రైల్లోనే తయారైపోయింది. పగ ఉన్న మనిషి వేలు కొలత ఎలా అవుతుంది? మనిషికొక వేలు ఉంటే న్యాయం మనిషికొకటి అవదూ? కొలత అన్నాక అందరికీ ఒకటే ఉండాలి.

పొద్దున్నే తివాచీ మగ్గాలకి సామాను చేసే వడ్రంగి దగ్గరికి వెళ్ళాను. మూడు వేళ్ళూ కలిపి బల్ల మీద పెట్టి, "సరిగ్గా ఇంత వెడల్పు టేకుముక్క చెయ్యి నాయనా" అన్నాను.

అతను పెన్సిలు చెవిలోంచి తీసి నా వేళ్ళ కేసి చూశాడు. "ఇది ఎవరి చేతి కొలతండీ?"

"మనిషి చేతి కొలత" అన్నాను కసురుతూ.

"చిత్తం" అని గీత గీశాడు.

తాటిదోనె మీద

బండి దిగేసరికి గట్టున నాంచారు మొగుడు సత్తియ్య దోనె పెట్టుకుని ఉన్నాడు. తాటిమాను చీల్చి తొలిచిన ఆ దోనెలో కూర్చోవడం నాకు చెయ్యి తిరిగిన విద్య అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళలో దోనె మారలేదు, నేను మారాను. కూర్చోగానే ఒక పక్కకి ఒరిగి, నా చేతిసంచీ నీళ్ళలో పడింది.

"మజ్జెన కూకోండి అమ్మాయిగారూ. ఎడం పక్క బరువెక్కువైంది" అన్నాడు సత్తియ్య.

"నాకు రెండు పక్కలా బరువే" అన్నాను. అతను నవ్వు ఆపుకోలేక గెడ జార్చుకున్నాడు.

కలువలు లేవు, ఎండకి ముడుచుకున్నాయి. శీతకాలంలో గుంపులుగా దిగే బాతులూ గూడకొంగలూ ఈ కార్తెలో ఉండవు. కొల్లేరంటే పక్షులే అనుకునే మన ఊళ్ళ వాళ్ళు ఈ రోజుల్లో వస్తే మోసపోయామంటారు. నాకు ఆ బోసి నీళ్ళే ఇష్టం. కిక్కిసగడ్డి మధ్యన దోనె రాసుకుంటూ పోతుంటే వచ్చే చప్పుడు ఏమీ మారలేదు. మా బంగళా దగ్గర ఆపించాను. పెంకులు ఎవరో పట్టుకుపోయారు. మా అమ్మ కుంపటి పెట్టుకునే మూల తూటితీగ అల్లుకుంది. కాసేపు నిలబడ్డాను. సత్తియ్య గొంతు సవరించుకునేదాకా ఎంతసేపైందో తెలియలేదు.

నాంచారు ఇంటి ముందు కొత్త కుండ, కొత్త మూకుడు. నా కోసం కొన్నది. వాళ్ళ వాడకం తగలని కుండలో పప్పూ తూటికూరా వండింది.

"ఇదేమిటే?" అన్నాను.

"మీకు మా కుండలు పనికిరావు గదండీ."

"పదేళ్ళప్పుడు మీ కుండలో కొర్రమీను పులుసు తిన్నది ఎవరే?"

"ఊరుకోండమ్మాయిగారూ, గోడకి చెవులుంటాయి" అంటూ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు ఆమె దాచిన రహస్యం నేను ఇక్కడ అచ్చు వేయిస్తున్నాను. మా అమ్మ ఇది చదివితే చదవనీ. ఆ పులుసే మళ్ళీ పెట్టించుకుని తిన్నాను. మన వైపు కూరగాయల పులుసులో చింతపండు ముందు వేస్తాం, వాళ్ళు దించబోయే ముందు మామిడికాయ ముక్కలు వేస్తారు. రుచి నేను గుర్తుంచుకున్నదానికంటే బాగుంది. ఇలా నాకు చాలా తక్కువసార్లు జరిగింది.

తిన్నాక వల చూపించింది. నిరుడు సత్తియ్య చెయ్యి విరిగి సరిగా అతకలేదు. అల్లకం ఇప్పుడంతా ఈమెదే. ఏడు నెలలు అల్లిన వల. ఉన్నదీ అదే ఒకటి.

"పోతే ఏం తింటారు?" అన్నాను.

నాంచారు వల మడత పెట్టింది.

వేళ్ళ పంచాయతీ

మర్నాడు మధ్యాహ్నం వలలు ఆరేసే దిబ్బ మీద కూర్చున్నారు. పెద్దాయన గంగయ్య నాకు ఈతాకుల చాప వేయించాడు. వీరమ్మ వచ్చింది. ఉప్పుచేపల పనిలో నాని, ముదిరి, అల్లం కొమ్ముల్లా ఉన్నాయి ఆమె వేళ్ళు. అందరూ చూస్తుండగా మూడు వేళ్ళూ కలిపి వల కన్నులో పెట్టింది. కణుపుల దగ్గర ఆగిపోయాయి. ఇంకోచోట, మరోచోట పెట్టింది. అంతే.

"నా తప్పేం లేదు నాంచారూ. నువ్వే సూత్తన్నావుగా" అంది. గొంతు మెత్తగానే ఉంది. నాకది నటనగా తోచింది.

లేచి నిలబడ్డాను. ఏం మాట్లాడానో అంతా రాస్తే నా మీద నాకే విసుగొస్తుంది. "గంగయ్యగారూ, మీ కట్టుబాటు మంచిది. కాని ఒకరి వేలు లావు, ఒకరిది సన్నం. ఈవిడకి ఆ ఇంటి మీద కక్ష ఉందని చిన్నప్పటి నించీ నాకు తెలుసు. కక్ష చేతిలో కొలత పెడతారా?" అన్నాను.

కక్ష అన్న మాటకి దిబ్బంతా చప్పుడు లేకుండా అయిపోయింది. నా మాట తగిలిందనుకున్నాను. సంచీలోంచి టేకుముక్క తీశాను. అది నాంచారు వల కన్నులోంచి ఇటు దూరి అటు వచ్చింది, ఏ కన్నులో పెట్టినా. కుర్రవాళ్ళు ఈలలు వేశారు.

గంగయ్య టేకుముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సదువుకున్నోరు, మా మంచి కోరి ఇంత దూరం ఒచ్చారు. ఎదురు సెప్పలేం. ఈ కర్ర దూరితే మంచి వలే" అన్నాడు. తరవాత నాతో మాత్రమే అన్నట్టు, "ఒక మాట అమ్మగారూ. ఈ కర్ర ఇక అందరిదీ అవుద్ది" అన్నాడు.

"అవాలి. అందుకే చేయించాను" అన్నాను.

నాంచారు నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. వారించాను. వీరమ్మ నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. గెలిచిన రోజు తిండి ఎంత రుచిగా ఉంటుందో వాదించే అలవాటున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

కొత్తనీరు

ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. తెల్లవారేసరికి ఏటి మూతిలోంచి ఎర్రనీరు దిగింది. నేను చిన్నప్పుడు చూసినట్టే చూద్దామని గట్టుకి వెళ్ళాను. ఆ రోజుల్లో నీళ్ళు ఉడుకుతున్నట్టు కదిలేవి. చేపల వీపులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పోతుంటే, నాంచారూ నేనూ ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. పెద్దవాళ్ళు కూడా గట్టున మాట్లాడకుండా నిలబడేవారు.

ఈసారి నీళ్ళలో అంతా వలలే. చూరుల్లో ఏళ్ళ తరబడి దాగిన వలలు కిందికి దిగాయి. వీరమ్మ లాంటివాళ్ళ వేళ్ళకి జడిసి బయటపెట్టనివి. ఒక కుర్రవాడు నన్ను చూసి వల పైకెత్తాడు. "అమ్మగారి కర్ర దూరిందండీ! గంగయ్య మావే పెట్టి సూశాడు!"

వాడిలో దొంగతనం లేదు. నా ధర్మమా అని చట్టం వాడి పక్షాన ఉంది.

గట్టు మీద కుప్పలు. ఇంగిలాయిలు, జెల్లలు, అరచెయ్యంత పరిగలు, అన్నీ కడుపుతోనే. తొక్కిడికి కడుపులు పగిలి గట్టంతా పసుపురంగు పొడి చల్లినట్టు సెన. నా చెప్పుల కింద కూడా. నాంచారు వల కూడా వచ్చింది. సత్తియ్య విరగని చేత్తో లాగుతున్నాడు, అందరికంటే నిండుగా.

వీరమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. వంగి ఒక చిన్న జెల్లని అరచేతిలో పెట్టుకుంది.

"ఇది మీ కర్రకి ఆగింది అమ్మగారూ. నా వేళ్ళకి దాటిపోయేది" అంది.

నేనేదో అనబోయాను. అంతలో ఆమె చెయ్యి పక్కన నా చెయ్యి కనిపించింది. సుద్దముక్క పట్టుకోవడం, పుస్తకం తిప్పడం తప్ప ఏమీ ఎరగని చెయ్యి. ఆ మూడు వేళ్ళ వెడల్పుని ఒక లంకకి చట్టం చేశాను.

"నా మీద నీకు కోపం లేదా?" అన్నాను.

"నన్ను కక్షగత్తెనన్నారు, అదొకటి మనసులో ఉంది. మా కట్టు సగమే తెలుసు గావాల మీకు."

మిగతా సగం అప్పుడు చెప్పింది. ఎవరి వేళ్ళు ఒక ఇంటి వల తప్పని తేలుస్తాయో, దీపావళి దాకా ఆ ఇంటికి తమ వేటలో సగం వాళ్ళే పెట్టాలి. అందుకే ఎవరూ ఊరికే తప్పు పట్టరు. పట్టినవాళ్ళ గంజి కూడా సగమవుతుంది. నాంచారు వలలో వేళ్ళు పెట్టినప్పుడు వీరమ్మ తన పిల్లల కంచాలు కూడా అందులో పెట్టింది. దిబ్బ మీద అంతమంది మాట్లాడకుండా ఉండిపోయింది నా వాదనకి తట్టుకోలేక కాదు, సిగ్గుపడి. అంత సిగ్గుపడ్డవాళ్ళలో ఒక్కరూ నా ముఖాన ఆ మాట అనలేదు. గోదావరి మర్యాద ఎంత పని చేస్తుందో చూడండి.

నేను ఎందుకు అడగలేదు? నాలుగేళ్ళు అక్కడ పెరిగాను కనుక అంతా తెలుసనుకున్నాను.

ఇంతలో నాంచారు కుప్పల మధ్య నుంచి వచ్చింది. మోకాళ్ళ దాకా సెన. తడి వల ఈడ్చుకుంటూ తెచ్చి వీరమ్మ ముందు పడేసింది.

"పెట్టు నీ వేళ్ళు" అంది.

"నిన్న పెట్టాను గదే."

"మళ్ళీ పెట్టు. అందరూ సూడాల."

వీరమ్మ పెట్టింది. దూరలేదు. నాంచారు వంటింట్లోంచి నిప్పు తెచ్చింది. తడి వల అంటుకోదు. ఎండుగడ్డి కప్పి, కిరసనాయిలు పోసి, మూడుసార్లు ముట్టించాల్సి వచ్చింది. సత్తియ్య గట్టున కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. ఏడు నెలల పని పొగే ఎక్కువ, మంట తక్కువ.

తరవాత ఇంకో నలుగురు తెచ్చి వేశారు. అందరూ కాదు. ఈలలు వేసిన కుర్రవాళ్ళలో కొందరు వలలు చుట్టుకుని అవతలి లంక వైపు వెళ్ళిపోయారు. గంగయ్య వెనక్కి పిలవలేదు, పిలిస్తే వస్తారన్న నమ్మకం నా కర్ర నిన్ననే పోగొట్టింది. టేకుముక్క నేనే తీసుకుని మంటలో వేశాను. బావగారు ఆ వడ్రంగి చేతనే దానికి నకళ్ళు చేయించి పదిమందికి పంచుతున్నారని గూడెం వచ్చాక తెలిసింది. ఆయనకి నాలుగు ఉత్తరాలు రాశాను. "నీ వినయం మెచ్చదగ్గది" అని జవాబిచ్చారు. ఆ కర్ర ఎవరి చేతికైనా వచ్చి ఉంటే దయచేసి పొయ్యిలో పెట్టండి.

వీరమ్మ దోనె

తిరుగు ప్రయాణంలో నన్ను గట్టుకి దింపింది వీరమ్మ. నాంచారు ఇంటి దోనెకి ఇక దీపావళి దాకా నీళ్ళు లేవు. నేను ఎక్కేముందు నాంచారు కొత్త కుండ తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "మీకోసం కొన్నదే, మీ ఇంట్లో ఉండాల" అంది. దాని నిండా తామరకాయలు.

వీరమ్మ గెడ వేస్తోంది. మధ్య దారిలో నేను క్షమించమన్నాను. "సగం వేట పోయింది నాది. మీరు సెమాపనడిగితే తిరిగొత్తదాండీ?" అని నవ్వింది. రెండు గెడలు వేసి, "నాంచారు అల్లకం మంచిది. ఇంకో వల దాని సేతే అల్లిత్తాను, నా ఏళ్ళ కొలతకి" అంది.

నన్ను వేధించేది ఇదంతా కాదు. వల తగలబడుతున్నప్పుడు నాంచారు చూరులోంచి ఇంకొకటి తీసి మంటలో వేసింది. వెదురు బద్ద. వల అల్లేటప్పుడు దారం దాని చుట్టూ తిప్పి ముడి వేస్తారు. బద్ద వెడల్పెంతో కన్ను అంత. వాళ్ళమ్మ చేతిది, నలభై ఏళ్ళ వాడకం. అది గాలిలో ఉన్న ఒక్క క్షణంలో దాని అంచు నా కంటపడింది. దారం ఒరిసి అరిగిన వెదురు నల్లగా, నున్నగా ఉంటుంది. ఆ అంచు తెల్లగా కనిపించింది. ఎండ పడి తెల్లబడిందో, కత్తి పడి తెల్లబడిందో తెలిసేలోపు అంటుకుంది.

వీరమ్మ ఎదుట అడగలేకపోయాను. కార్డు రాద్దామంటే చదివిపెట్టేది పోస్టుమాను. ఆ లంకలో పత్రిక చదివేవాళ్ళు లేరు కనుక, ఎప్పటికీ అందదని తెలిసీ, ఇక్కడ అడుగుతున్నాను. నాంచారూ, నిన్ను తప్పుపట్టడానికి కాదు, ఆ హక్కు నాకిప్పుడు లేదు. ఆ కార్డు రాయించి నన్ను పిలిచేనాటికి నీది తప్పు వలేనని నీకు తెలుసా? మీ అమ్మ బద్ద అరిగిందా, నువ్వు చెక్కావా?